ఎంపీ హాజరు తెలుసు, ఓటు మాత్రం తెలియదు

పార్లమెంటు సమావేశాలు ముగియగానే మన పత్రికల్లో ఒక పట్టిక తప్పకుండా వస్తుంది. ఏ ఎంపీ సభకు ఎన్ని రోజులు వచ్చారు, ఎన్ని ప్రశ్నలు వేశారు, ఎన్ని చర్చల్లో మాట్లాడారు అని. పైవరసలో నిలిచినవారి అనుచరులు ఫ్లెక్సీలు కడతారు. అడుగున ఉన్నవారు నియోజకవర్గంలో పనుల ఒత్తిడి అంటారు. అందులో మొట్టమొదట ఉండాల్సిన గడి మాత్రం ఏనాడూ కనిపించదు: ఫలానా బిల్లుకు ఈయన ఓటు ఎటు వేశారు? ఇది విలేకరుల బద్ధకం కాదు. మన పార్లమెంటు ఆమోదించిన చాలా బిల్లుల విషయంలో ఆ సమాచారం ఎక్కడా నమోదే కాలేదు.

పార్లమెంటు పనితీరును లెక్కగట్టే పీఆర్‌ఎస్ సంస్థ 2005 నుంచి చేస్తున్న పనిని తక్కువ చేయడం లేదు. ఆ లెక్కలే లేకపోతే మనకు ఈ మాత్రం కూడా తెలిసేది కాదు. కానీ వాళ్లు లెక్కపెట్టేది సభ వాళ్లకు ఇచ్చినదాన్నే. హాజరు అంటే ఏమిటి? వచ్చినట్టు నమోదు. ఆ నమోదు మీద రోజుకు 2,500 రూపాయల దినభత్యం వస్తుంది. నమోదు చేశాక సభలోనే కూర్చున్నారా, క్యాంటీన్ కాఫీకి వెళ్లారా, విమానం ఎక్కారా అన్నది ఆ అంకెలో ఉండదు. మంత్రులకైతే ఆ నమోదూ అక్కర్లేదు. ప్రశ్నల సంగతి ఇంకా తమాషా. లోక్‌సభలో రోజుకు 20 స్టార్ ప్రశ్నలు (సభలో నోటితో జవాబు చెప్పేవి), 230 అన్‌స్టార్డ్ ప్రశ్నలు (రాతపూర్వకంగా జవాబిచ్చేవి) లాటరీలో తేలుతాయి. నోటీసు మీద సంతకం ఎంపీది, రాసేది ఎవరైనా కావచ్చు. డబ్బు పుచ్చుకుని ప్రశ్నలు వేస్తామన్న ఉదంతంలో 2005 డిసెంబరులో ఒకేసారి 11 మంది ఎంపీలు బహిష్కరణకు గురయ్యారు. ప్రశ్నల సంఖ్యను బట్టి చూస్తే వారిలో ఎవరైనా మంచి ఎంపీ అనిపించుకుని ఉండొచ్చు. ఎంపీలకు ఇచ్చే సంసద్ రత్న అవార్డులకు కూడా ప్రశ్నలు, చర్చలు, ప్రైవేటు మెంబరు బిల్లులే (మంత్రి కాని సభ్యుడు పెట్టే బిల్లులు) కొలమానం. ఆ ప్రైవేటు బిల్లుల్లో చివరిది చట్టమైంది 1970లో. బడికి రోజూ వచ్చాడు కాబట్టి పిల్లవాడికి లెక్కలు వచ్చేసినట్టే అని ప్రోగ్రెస్ కార్డు ఇస్తున్నాం.

ఎంపీని మనం పంపింది చట్టాల మీద మన తరఫున అవుననో కాదనో చెప్పడానికి. మిగతావన్నీ ఆ పనికి హంగులు. ఆ అవును, ఆ కాదు మనకు దొరకడం లేదు.

తెలుగువారికి దీన్ని వేరే రాష్ట్రం ఉదాహరణతో చెప్పాల్సిన పని లేదు. 2014 జనవరి 30న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరిస్తూ ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్ రెడ్డి తీర్మానాన్ని ఆమోదించింది. ఎలా? మూజువాణి ఓటుతో, అంటే సభ్యుల అవును, కాదు కేకల్లో ఏది ఎక్కువ వినిపిస్తే దాన్ని బట్టి. ఫిబ్రవరి 13న లోక్‌సభలో బిల్లు ప్రవేశపెడుతుంటే పెప్పర్ స్ప్రే ఘటన జరిగింది. ఫిబ్రవరి 18న అదే సభ బిల్లును ఆమోదించింది. ఎలా? మూజువాణి ఓటుతో. సీమాంధ్ర ఎంపీల్లో చాలామంది అప్పటికి సస్పెన్షన్‌లో ఉన్నారు, ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది, సాంకేతిక లోపం అన్నారు. ఫిబ్రవరి 20న రాజ్యసభ. అక్కడా మూజువాణే. కోట్ల మంది తెలుగువారి జీవితాన్ని మార్చేసిన నిర్ణయం మూడు సభల మెట్లెక్కి వచ్చింది. ఏ మెట్టు మీదా ఫలానా సభ్యుడు ఇటు, ఫలానా సభ్యుడు అటు అని రాసి ఉన్న కాగితం లేదు.

దాని ఫలితం పన్నెండేళ్లుగా వింటూనే ఉన్నాం. హైదరాబాద్‌లో మైకు పట్టుకున్న ప్రతి పార్టీ తెలంగాణ తెచ్చింది మేమే అంటుంది, ఇచ్చింది మేమే అంటుంది, మా మద్దతు లేకపోతే వచ్చేదా అంటుంది. విజయవాడలో ప్రతి పార్టీ మేము చివరిదాకా అడ్డుకున్నాం అంటుంది. ఎవరి మాటనైనా పరీక్షించడానికి ఓటు జాబితా ఒక్క పేజీ చాలు. అది లేదు కాబట్టే ఎవరికి తోచిన చరిత్ర వారు చెప్పుకుంటున్నారు. 2022 ఫిబ్రవరి 8న ప్రధాని మోదీ స్వయంగా రాజ్యసభలో ఆ బిల్లు గట్టెక్కిన తీరును తప్పుపట్టారు. మైకులు ఆపేశారని, పెప్పర్ స్ప్రే చల్లారని, చర్చే జరగలేదని అన్నారు. నిజమే. కానీ అంతకు పదిహేడు నెలల ముందు, 2020 సెప్టెంబరు 20న, అదే రాజ్యసభలో ఆయన ప్రభుత్వం రెండు సాగు బిల్లులను ఎలా గట్టెక్కించింది? ప్రతిపక్షం డివిజన్ అడిగింది, అంటే ఒక్కో సభ్యుడి ఓటూ లెక్కపెట్టమంది. అడిగినవారు తమ సీట్లలో లేరంటూ డిప్యూటీ చైర్మన్ హరివంశ్ మూజువాణితో ముగించారు. మర్నాడు ఎనిమిది మంది సస్పెండయ్యారు. ఏడాది తర్వాత, 2021 నవంబరు 29న, ఆ చట్టాల రద్దు బిల్లు ఉభయ సభల్లో చర్చ లేకుండానే ఒక్కరోజులో పూర్తయింది. ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాది పాటు కూర్చున్న రైతులు తమ ఎంపీ రాజ్యసభలో బటన్ ఏది నొక్కాడో ఈనాటికీ చూపించలేరు. వైఎస్సార్సీపీ సమర్థించిందని, టీఆర్ఎస్ వ్యతిరేకించిందని మనకు తెలిసింది ప్రసంగాలను బట్టి. ప్రసంగం ఓటు కాదు.

లోక్‌సభ నిబంధన 367 చదివితే సంగతి అర్థమవుతుంది. ముందు స్వరాన్ని బట్టి స్పీకర్ తన అభిప్రాయం చెబుతారు. దాన్ని ఎవరైనా సవాలు చేస్తే లాబీలు ఖాళీ చేయించి డివిజన్ పెట్టాలి. అంటే అడిగితేనే లెక్క. అడిగినా, అనవసరంగా అడిగారని స్పీకర్‌కు అనిపిస్తే సభ్యులను నిలబెట్టి తలలు లెక్కపెట్టవచ్చు, అప్పుడు పేర్లు నమోదు చేయనక్కర్లేదు. రాజ్యాంగ సవరణలకు ప్రత్యేక మెజారిటీ కావాలి కాబట్టి అక్కడ తప్పించుకునే దారి లేదు. మామూలు బిల్లులకు, అంటే మన పన్నులకు, భూములకు, జైలుశిక్షలకు సంబంధించిన వాటికి, స్వరం చాలు.

ఇందులో ప్రతిపక్షాల పాపమూ ఉంది. స్పీకర్ ముందున్న వెల్‌లోకి దూసుకెళ్లి నినాదాలు చేస్తే సాయంత్రం టీవీలో కనిపిస్తారు, కానీ సీట్లో లేని సభ్యుడికి డివిజన్ అడిగే నైతికబలం పోతుంది. 2023 ఆగస్టు 10న తామే పెట్టిన అవిశ్వాసం మీద ఓటింగ్ వేళకు వాకౌట్ చేసి వెళ్లిపోయారు, తీర్మానం మూజువాణితో వీగిపోయింది. 2024 జూన్ 26న స్పీకర్ పదవికి పోటీ పెట్టి మరీ డివిజన్ కోసం పట్టుబట్టలేదు. అంకెలు బయటపడటం ఇష్టంలేనిది అధికారపక్షం ఒక్కదానికే అనుకుంటే పొరపాటు.

డివిజన్ జరిగిన రోజు తేడా చూడండి. 2023 సెప్టెంబరు 20న మహిళా రిజర్వేషన్ బిల్లుకు లోక్‌సభలో అనుకూలంగా 454, వ్యతిరేకంగా 2. ఆ రెండింటిలో ఒకటి హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీది. బీసీ, ముస్లిం మహిళలకు కోటా లేదన్నది ఆయన వాదన. ఒప్పుకుంటారో తిట్టుకుంటారో హైదరాబాద్ ఓటరు ఇష్టం, కానీ ఆధారంతో చేయవచ్చు. 2019 డిసెంబరు 11న పౌరసత్వ సవరణ బిల్లు రాజ్యసభలో 125-105తో నెగ్గింది. వైఎస్సార్సీపీ, తెలుగుదేశం అనుకూలం, టీఆర్ఎస్ వ్యతిరేకం. గుంటూరులోనో కర్నూలులోనో ఆ బిల్లు మీద సభ పెట్టి వేరే మాట చెప్పబోయిన నాయకుడికి ఆ అంకె అడ్డం వస్తుంది. రావాలి కూడా.

దీనికి ఎదుటివారి వాదన నాకు తెలుసు. ప్రతి బిల్లుకూ డివిజన్ అంటే సమయం వృథా అంటారు. ఎలాగూ విప్ (పార్టీ జారీచేసే ఆదేశం) ప్రకారమే ఓటేస్తారు, పార్టీ వైఖరి తెలిస్తే సభ్యుడి ఓటు తెలిసినట్టే కదా అంటారు. మొదటిదానికి జవాబు ప్రతి సీటు ముందూ ఉన్న బటన్. కొత్త భవనంలో 2024 డిసెంబరు 17న జమిలి ఎన్నికల బిల్లు ప్రవేశానికి ఆ బటన్లు నొక్కించి, మిగిలిన ఓట్లు స్లిప్పుల మీద తీసుకుని 269-198 అని తేల్చారు. రెండోది కాస్త పస ఉన్న మాట. కానీ అది తప్పు. ఎందుకు తప్పో మన ప్రాంతీయ పార్టీలకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు.

అనుకూలం, వ్యతిరేకం కాక మూడో ఓటు ఒకటుంది. దాని పేరు గైర్హాజరు. 2019 జులై 30న ట్రిపుల్ తలాక్ బిల్లు రాజ్యసభలో 99-84తో గట్టెక్కింది. 245 స్థానాల సభలో పోలైనవి 183. అధికార కూటమికి అక్కడ సొంత మెజారిటీ లేదు. బిల్లును నెగ్గించింది సభలో ఉన్న 99 మంది ఎంతో, లేనివారూ అంతే. టీఆర్ఎస్, తెలుగుదేశం సభ్యులు ఓటింగ్‌కు దూరంగా ఉన్నవారిలో ఉన్నారు. ఊళ్లో వ్యతిరేకించామని చెప్పుకోవచ్చు, ఢిల్లీలో పని జరిగిపోతుంది, ఇద్దరి దగ్గరా మాట దక్కుతుంది. ఈ విద్య మూజువాణి ఓటులో పూర్తిగా దాగుతుంది, డివిజన్‌లో బట్టబయలవుతుంది. ప్రతి బిల్లుకూ పేర్లు నమోదు కావాలనడానికి నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద కారణం ఇదే. ఎవరు ఎటు వేశారో కన్నా ఎవరు వేయకుండా జారుకున్నారో తెలియాలి.

ట్రిపుల్ తలాక్ ఓటింగ్‌కు అయిదు రోజుల ముందు, జులై 25న, రాజ్యసభకు సమాచార హక్కు చట్టం సవరణ బిల్లు వచ్చింది. దాన్ని పరిశీలనకు సభ్యుల సెలెక్ట్ కమిటీకి పంపాలన్న ప్రతిపాదన 117-75తో వీగిపోయింది. టీఆర్ఎస్, వైఎస్సార్సీపీ ప్రభుత్వంతో నిలిచాయి. ఆ ఓటింగ్ స్లిప్పుల మీద జరిగింది. ఆ స్లిప్పులను బీజేపీ సభ్యుడు సీఎం రమేశ్ సభ్యుల దగ్గర పోగుచేస్తున్నారని ప్రతిపక్షం గొడవ చేసి బయటికి నడిచింది. ఆపైన బిల్లు మూజువాణితో పాసైంది. జనం సమాచారం అడిగే హక్కును మార్చే చట్టానికి తుది ఓటు ఎవరు వేశారన్న సమాచారం అడిగినా దొరకదు!

అన్నట్టు, సీఎం రమేశ్ అప్పటికి బీజేపీలో చేరి నెల దాటింది అంతే. జూన్ 20న తెలుగుదేశం రాజ్యసభ సభ్యులు ఆరుగురిలో నలుగురు బీజేపీలో 'విలీనం' అయ్యారు. మూడింట రెండొంతులు కాబట్టి రాజ్యాంగం పదో షెడ్యూలు ప్రకారం అది ఫిరాయింపు కాదు. అసలు జబ్బు ఇక్కడుంది. మన ఫిరాయింపు నిరోధక చట్టం 1985లో వచ్చింది. గుంపుగా పార్టీనే మార్చేస్తే తప్పు కాదు, ఒంటరిగా ఒక బిల్లు మీద మనసులో మాట చెప్పి విప్‌కు వ్యతిరేకంగా ఓటేస్తే, లేదా ఓటింగ్‌కు రాకపోతే, సభ్యత్వం పోతుంది. 2019లో తెలంగాణ కాంగ్రెస్ ఎమ్మెల్యేలు 18 మందిలో 12 మంది టీఆర్ఎస్‌లో విలీనమైనా చట్టం కిమ్మనలేదు. అంతకుముందు ఆంధ్రలో 23 మంది వైఎస్సార్సీపీ ఎమ్మెల్యేలు తెలుగుదేశంలోకి వెళ్లినప్పుడు విలీనం సాకు కూడా లేదు, వేటూ లేదు. కొందరైతే మంత్రులయ్యారు. పార్టీ మారారన్న పది మంది బీఆర్ఎస్ (పాత టీఆర్ఎస్) ఎమ్మెల్యేల వ్యవహారంలో మూడు నెలల్లో తేల్చమని 2025 జులై 31న సుప్రీంకోర్టు తెలంగాణ స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది. దూకేవాడిని ఆపలేని చట్టం ఆలోచించేవాడిని మాత్రం భేషుగ్గా ఆపుతోంది.

ప్రభుత్వం పడిపోయే ఓట్లకు, అంటే విశ్వాసం, అవిశ్వాసం, బడ్జెట్‌కు విప్ ఉండనివ్వండి. మిగతా బిల్లులకు ఎత్తేయాలి. కాంగ్రెస్ ఎంపీ మనీశ్ తివారీ 2010 నుంచీ ఈ అర్థం వచ్చే ప్రైవేటు బిల్లు పెడుతూనే ఉన్నారు. సొంత పార్టీతో సహా ఎవరికీ ఆసక్తి లేదు. అధిష్ఠానాలకు కావలసింది తలలు, తలకాయలోని ఆలోచన కాదు. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లు రాజ్యసభకు వచ్చినప్పుడు ఒడిశా పార్టీ బిజూ జనతాదళ్ తన సభ్యులను మనస్సాక్షి ప్రకారం ఓటేయమంది. పార్లమెంటరీ నాయకుడు సస్మిత్ పాత్ర అనుకూలంగా వేశారు. పార్టీలో తుపాను రేగింది, నాయకత్వాన్ని కార్యకర్తలే నిలదీశారు. డివిజన్ జరిగి, విప్ లేకపోతే ఎంపీ ఓటు గురించి జిల్లాల్లో కూడా జనం మాట్లాడతారనడానికి భువనేశ్వర్‌లో జరిగిన ఆ గొడవే రుజువు.

బ్రిటన్ దిగువసభ కామన్స్ 1836 నుంచి ఓటు జాబితాలను అధికారికంగా అచ్చువేస్తోంది. అమెరికా రాజ్యాంగం ప్రకారం హాజరైనవారిలో అయిదో వంతు మంది అడిగితే పేర్లు నమోదు చేసి తీరాలి, సభాపతికి అనిపించడంతో పని లేదు. మనం కామన్స్ నుంచి పద్ధతులు, పదజాలం అన్నీ తెచ్చుకున్నాం, ఆ జాబితా అలవాటు ఒక్కటి దారిలో జారవిడుచుకున్నాం. మన దగ్గర డివిజన్ జరిగినా దాని ఫలితం చర్చల సంపుటంలో ఎక్కడో పేర్ల గుట్టగా ఉంటుంది. ఎంపీ పేరు నొక్కితే అయిదేళ్ల ఓట్లన్నీ వరసగా కనిపించే పేజీ పార్లమెంటు వెబ్‌సైట్‌లో లేదు.

దీనికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. 118వ అధికరణం ప్రకారం ఏ సభ నిబంధనలు ఆ సభే రాసుకుంటుంది. బిల్లు తుది ఆమోదానికి డివిజన్ తప్పనిసరి అని 367లో ఒక్క వాక్యం చేర్చితే సరిపోతుంది. రెండు తెలుగు రాష్ట్రాల నుంచి లోక్‌సభలో 42 మంది ఉన్నారు. వారిలో 16 మంది తెలుగుదేశం వారు, కేంద్ర ప్రభుత్వానికి వారి మద్దతూ ఓ ఆసరా. అమరావతికి, పోలవరానికి నిధులు అడిగినట్టే ఈ వాక్యాన్నీ అడగవచ్చు. ఖజానాకు రూపాయి ఖర్చు లేదు, పైగా నిబంధన సవరణ కోరడానికి ఏ విప్పూ అడ్డం రాదు.