ఎక్సెల్‌లోని యావరేజ్ (సగటు) ఫంక్షన్ గారికి, ఉత్తరగాలి విషయమై

అయ్యా యావరేజ్ గారూ,

350 డిగ్రీల గాలి ఒకటి, 10 డిగ్రీల గాలి ఒకటి. రెండూ ఇంచుమించు ఉత్తరం నుంచి వచ్చినవే. తమరు కూడి, రెండుతో భాగించి 180 అన్నారు. దక్షిణగాలి! లెక్క సరిగ్గానే ఉంది, గాలే దారి తప్పినట్టుంది.

జూన్‌లో నైరుతి 225, నవంబరులో ఈశాన్యం 45. తమరి సగటు 135, అంటే ఆగ్నేయం. వంటిల్లు కట్టుకోవడానికి పనికొస్తుంది గానీ, ఎదురెదురు గాలులకి అసలు సగటు దిక్కే ఉండదు.

పోనీ తమరి ఇంట్లోనే పని కానిద్దామంటే, కోణాల్ని రేడియన్లు చేసి సైన్ల సగటు ఒక గడిలో, కొసైన్ల సగటు ఒక గడిలో కట్టి ఏటాన్2కి అప్పజెప్పాలి. ఆ రెండిటి నుంచి కోణం తేల్చి చెప్పే ఫంక్షన్, తమరి తమ్ముడు అతను. ఎక్సెల్‌లో కొసైన్ ముందు అడుగుతాడు, పైథాన్‌లోనూ ఆర్ భాషలోనూ సైన్ ముందు. తారుమారైతే 30 కాస్తా 60 అవుతుంది, ఎర్రర్ మాత్రం రాదు. జవాబుని మళ్లీ డిగ్రీలు చేసి, మైనస్‌లో వస్తే 360 కలపాలి. ఆ రెండు సగటుల వర్గాలు కూడి వర్గమూలం తీస్తే ఫలిత సదిశ (గాలి దిక్కులన్నీ కలిపి సగటు కట్టిన బాణం) పొడవు. అది 1కి దగ్గరైతే గాలి ఒకే దిక్కు పట్టుకున్నట్టు. 0కి దగ్గరైతే సగటు చెప్పకుండా ఊరుకోవడమే మర్యాద. ఈ మర్యాద తమరికి అలవాటు లేదు.

అందుకే జనం వేరే సాఫ్ట్‌వేర్ వెతుక్కుంటున్నారు. ఓరియానా విండోస్‌కే, అదీ డబ్బు పెట్టి కొనాలి. పాస్ట్ ఉచితం. ఏదైనా సరే, అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూసినట్టు ముందు 350, 10 ఇచ్చి చూడాలి. పైథాన్ లైబ్రరీ సైపీలో కోణాల సగటు కట్టే సర్క్‌మీన్‌కి పైహద్దు 360 అని చెప్పకపోతే డిగ్రీల్ని రేడియన్లనుకుని 6.28 లోపు ఏదో అంకె చేతిలో పెడుతుంది. ఆర్ భాషలోని సర్క్యులర్ ప్యాకేజీకి జియోగ్రాఫిక్స్ టెంప్లేట్ ఇవ్వకపోతే, విండ్ రోజ్‌లో (ఏ దిక్కు గాలి ఎంతసేపు వీచిందో పువ్వు రేకుల్లా చూపే బొమ్మలో) ఉత్తరగాలి రేకు తూర్పున పూస్తుంది. గాలి కాక రాతి పగుళ్ల దిక్కులైతే 10, 190 ఒకే గీత కాబట్టి కోణాలు రెట్టింపు చేసి, సగటు కట్టి, సగం చేయాలి.

బొమ్మలోనూ మోసముంది. ఎయిర్‌పోర్టు రిపోర్టుల్లో దిక్కులు పదేసి డిగ్రీల మెట్లుగా వస్తాయి. వాటిని 16 రేకుల విండ్ రోజ్‌లో పోస్తే ఉత్తరానికి 350, 360, 10 మూడూ దక్కుతాయి, పక్క రేకుకి 20, 30 రెండే. గాలి అన్ని వైపులా సమంగా వీచినా నాలుగు ప్రధాన దిక్కులు ఒకటిన్నర రెట్లు లావెక్కుతాయి. 12 గానీ 36 గానీ రేకులు పెడితే ఆ గొడవ లేదు.

ఇంకో మనవి. ఆ రిపోర్టుల్లో 360 అంటే ఉత్తరగాలి. 000 పక్కన వేగం కూడా సున్నా ఉంటే అసలు గాలే లేదని. ఆ వరసలు ముందే ఏరేయకపోతే ఆకు కదలని గంటలన్నీ ఉత్తరగాలి ఖాతాలో పడతాయి. ఏటాన్2 గారు కూడా ఆ ఖాతాకి సంతకం పెట్టేస్తారు.

ఇట్లు,
ఉత్తరగాలికి ఎదురు నిలబడి దక్షిణమని రిపోర్టు రాసినవాళ్లు