పైన పటారం, లోన లొటారం: యాక్సిడెంట్ బండి రిపేరు

కొత్త హెడ్‌లైటు, కొత్త స్టిక్కర్లు, నిగనిగలాడే మడ్‌గార్డు. చూడటానికి షోరూమ్ నుంచి అప్పుడే దిగిన బండే. స్పీడు 60 దాటగానే హ్యాండిల్ వణుకుతుంది, రోడ్డు తిన్నగా ఉన్నా బండి ఒక పక్కకి లాగుతుంది, నెల తిరక్కుండా ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు ఆయిల్ కారుతుంది. తిరిగి తీసుకెళ్తే ‘వీల్ బ్యాలెన్సింగ్ చేయించండి సార్’ అంటారు. గుద్దుకున్న బండికి మన దగ్గర జరిగేది రిపేరు కాదు, ముస్తాబు. కంటికి కనబడింది మారుస్తారు, కొలిస్తేగానీ తెలియనిదాన్ని అలాగే బిగించేస్తారు.

ఎదురు దెబ్బకి మొదట వంగేవి ఫోర్కు పైపులు. ఆ తర్వాత వాటిని పైనా కిందా పట్టుకునే ‘టీ’ అనే బిగింపులు, ఇంకా గట్టి దెబ్బైతే హ్యాండిల్ తిరిగే చోటున్న ఛాసిస్ మెడ. వంగిన పైపు లేత్ షాపుకెళ్తుంది, ప్రెస్‌లో నొక్కితే చూపుకి తిన్నగానే వస్తుంది. సర్వీస్ మాన్యువళ్లు సాధారణంగా ఒప్పుకునే వంపు 0.2 మి.మీ. మాత్రమే. వంగిన పైపును తిన్నగా చేసి వాడొద్దని యమహా మాన్యువళ్లు హెచ్చరిస్తాయి కూడా. వంగి మళ్లీ లేచిన చోట ఉక్కు బలం తగ్గుతుంది, క్రోమ్ పూత సన్నగా పగుళ్లిస్తుంది. ఆ పగుళ్ల అంచులే ఆయిల్ కారకుండా ఆపే కొత్త సీలునీ కోసేస్తాయి. మూడు సీళ్లు మార్చినా లీకు ఆగలేదంటే తప్పు సీలుది కాదు.

అన్నీ అంత ఖరీదైన జబ్బులేం కావు. హ్యాండిల్ వంకరగా ఉంటే చాలాసార్లు పైపులు టీలో మెలితిరిగి ఉంటాయంతే. కింది టీ బోల్టులు, మడ్‌గార్డు బోల్టులు, యాక్సిల్ వదులు చేసి, చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని హ్యాండిల్ సరిచేయాలి. యాక్సిల్ బిగించి, ఫోర్కును నాలుగైదుసార్లు నొక్కి వదిలాకే మిగతావి బిగించాలి. ముందు చక్రం పైకి లేపి హ్యాండిల్ మెల్లగా తిప్పినప్పుడు సరిగ్గా మధ్యలో పట్టేస్తుంటే మెడలోని బేరింగు గుండ్లు తిరిగే బాల్ రేసుల్లో గుంటలు పడ్డట్టే. ఎంత బిగించినా లాభం లేదు, ఆ బేరింగుల కోన్ సెట్ మార్చాల్సిందే.

ఛాసిస్ సంగతి ఒక దారం చెబుతుంది. చైన్ అడ్జస్టర్లు రెండు పక్కలా సమంగా ఉన్నాయో లేదో చూసుకుని, వెనక టైరు రెండు అంచులనూ తాకేలా దారాలు ముందుకు లాగాలి. వెనక 120, ముందు 90 మి.మీ. వెడల్పు టైర్లుంటే ముందు టైరుకి ఒక్కో పక్క సుమారు 15 మి.మీ. సందు రావాలి. ఒక పక్క 22, ఇంకో పక్క 8 వస్తే ఇంజిన్ ట్యూనింగ్ మాట ఎత్తడమే దండగ.

కొత్త పైపుల ఖర్చు డెలివరీ కుర్రాడు భరించలేడని మెకానిక్‌లు అంటారు. నిజమే. కానీ దారానికి ఖర్చేముంది? కొలిచి చెప్పాక ఏం మార్చుకోవాలో అతనే తేల్చుకుంటాడు.

అసలు విడ్డూరం ఇన్సూరెన్సులో ఉంది. జీరో డెప్ (భాగాల అరుగుదల కింద కోత లేకుండా ఇచ్చే కవర్) లేని పాలసీలో ప్లాస్టిక్ భాగాలకి కోత 50 శాతం. రెండేళ్లు దాటి మూడేళ్లలోపున్న బండికి లోహ భాగాల మీద 15 శాతమే. అంటే ఫోర్కు, టీ, చక్రం క్లెయిమ్‌లో రాయించుకోవడమే యజమానికి లాభం. మన ఎస్టిమేట్లలో మొదటి వరస మాత్రం ప్లాస్టిక్‌దే! విప్పాక బయటపడ్డ దెబ్బని తిరిగి బిగించకముందే ఇన్సూరెన్స్ సర్వేయరుకి చూపించి సప్లిమెంటరీ (అదనపు) ఎస్టిమేట్ రాయించాలి. బిగించేశాక అడిగితే అది పాత అరుగుదల అనేస్తారు.

కొలవని ఈ అలవాటు వర్క్‌షాపుతో ఆగదు. సొంత బండికి పదిహేనేళ్లదాకా ఫిట్‌నెస్ పరీక్షే లేదు. బ్రిటన్‌లో 2017 అక్టోబరు నుంచి, ఇన్సూరెన్స్ కంపెనీలు రైట్-ఆఫ్ చేసిన (బాగుచేయించడం దండగని వదిలేసిన) బండ్లలో చట్రం దెబ్బతిని, బాగుచేసే వీలున్నవాటికి ‘ఎస్’ వర్గం ముద్ర పడుతోంది. మన ఆర్సీలో యజమానులు మారిన లెక్క ఉంటుంది గానీ, గోడని గుద్దిన లెక్క ఉండదు. కాబట్టి పాత బండి కొనేవాళ్లు ట్యాంకు మెరుపు తర్వాత చూడండి. ముందు హ్యాండిల్‌ను ఆ చివరిదాకా ఈ చివరిదాకా తిప్పి, మెడ దగ్గర హ్యాండిల్‌ను ఆపే స్టాపర్ మీద సొట్ట ఉందా, అక్కడ రంగు పగిలిందా, కొత్తగా పూశారా చూసుకోండి.