నాలుగు బోల్టులే కదా!

నా జీవితంలో చాలా అబద్ధాలను క్షమించాను. 'బయలుదేరాను, అయిదు నిమిషాల్లో అక్కడ ఉంటాను' అని స్నానాల గదిలోంచి ఫోను చేసే మిత్రుణ్ని క్షమించాను. 'ఆరితే అచ్చం మీరు అడిగిన రంగే వస్తుంది సార్' అన్న పెయింటరును క్షమించాను. 'నాలుగు బోల్టులే కదా మామయ్యా' అన్న మాటను మాత్రం ఈ జన్మకు క్షమించలేను.

నిజానికి ఆ మాట మా మేనల్లుడి సొంతం కాదు, కారు షాక్ అబ్జార్బర్లు మనమే మార్చుకోవచ్చని చెప్పే వీడియోల్లో విని నేర్చుకున్నది. ఆ మాట అనే మహానుభావుడు ఎప్పుడూ అద్దంలా మెరిసే నేల మీద, కారును నిలువెత్తు పైకి లేపే లిఫ్టు కింద, నల్లని చేతి తొడుగులు వేసుకుని నిలబడి ఉంటాడు. 'ఇది ఇలా తిప్పితే వచ్చేస్తుంది' అంటాడు. వచ్చేస్తుంది. తుప్పు ఉండదు, బురద ఉండదు, పక్క ఫ్లాటాయన వచ్చి 'మా స్కూటరుకు కాస్త దారి ఇస్తారా' అని అడగడు. పదకొండు నిమిషాల్లో నాలుగు చక్రాల పనీ అయిపోతుంది. ఆ బోల్టు ముందు రోజు రాత్రి ఎంతసేపు ఏడిపించిందో కత్తిరించి పారేసిన భాగంలో ఉంటుంది. దాన్ని మనకు చూపించరు.

విషయం తెలియని అదృష్టవంతుల కోసం చెబుతాను. కారు ఒంటికీ చక్రానికీ మధ్య ఒక స్ప్రింగూ ఒక షాక్ అబ్జార్బరూ ఉంటాయి. స్ప్రింగు గుంతను మింగుతుంది. మింగాక అది ఊగుతూ ఉండిపోకుండా షాక్ అబ్జార్బర్ పట్టుకుని ఆపుతుంది. షాక్ అబ్జార్బర్ ఒంటినిండా మరలు చెక్కి, దానికి స్ప్రింగు తొడిగి, ఎత్తు పెంచడానికీ తగ్గించడానికీ రింగులు పెట్టి, నెత్తిన ఒక బుల్లి మీట బిగించి అమ్మితే దాని పేరు కాయిలోవర్. రేసు ట్రాకులు దీని పుట్టిల్లు. అక్కడ నాలుగు చక్రాల కింద నాలుగు కాటాలు పెట్టి, ఏ మూల ఎంత బరువు పడుతోందో తూచి, రింగును అరచుట్టు తిప్పి మళ్లీ తూస్తారు. మా అక్క ఇంట్లో ఉన్న ఒకే ఒక కాటా బియ్యం తూచుకునేది.

అయినా మావాడు తెప్పించాడు. ధర 85 వేల రూపాయలు. అది బిగించబోయే చిన్న కారును, ఎనిమిదేళ్లు కాకినాడ ఉప్పుగాలి తిన్నదాన్ని, వాడు 2 లక్షల 10 వేలకు కొన్నాడు.

'ఎందుకురా ఇది?' అని అడిగాను.

'కంపెనీ ఎత్తులో మరీ ఎద్దుబండిలా కనిపిస్తోంది మామయ్యా. 40 మిల్లీమీటర్లు దించితే రోడ్డును పట్టుకుని పోతుంది.'

రోడ్డును పట్టుకోవడం! ఆ ముచ్చట తీరాలంటే ముందు రోడ్డు దొరకాలి కదా. స్పీడ్ బ్రేకర్ ఎలా ఉండాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఏనాడో రాసిపెట్టింది. ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో హాయిగా ఎక్కి దిగేంత వాలు. హైదరాబాదులో మా వీధికి అలాంటివి మూడు ఉన్నాయి, అంటే ఆ ప్రమాణాన్ని చూసి నవ్వేవి మూడు. ఒకటి నీళ్ల పైపు వేసి పూడ్చిన గుర్తు. ఒకటి ఎవరో ఇల్లు కట్టుకోగా మిగిలిన కాంక్రీటుతో పుణ్యానికి పోసినది. మూడోది పడుకోబెట్టిన కరెంటు స్తంభమని నా అనుమానం. కంపెనీ ఎత్తులో ఉన్న కార్లే వాటి మీద మూలుగుతూ దాటుతుంటే, మావాడు కారును ఇంకా కిందికి దించుతాడట.

చట్టం సంగతీ గుర్తు చేశాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిని ఇష్టం వచ్చినట్టు మార్చుకోనివ్వదు. తయారీదారు ఇచ్చిన ప్రమాణాలకు భిన్నంగా మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం అనుమతి లేని మార్పుకు ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. మావాడు ఒక్క క్షణం ఆలోచించి, 'నాలుగు మూలలూ కలిపి ఒక మార్పా, నాలుగు మార్పులా మామయ్యా?' అని అడిగాడు. అంత లోతైన న్యాయసందేహానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

ఇక మెకానిక్. మా వీధి చివర ముప్పై ఏళ్లుగా షెడ్డు నడుపుతున్న ఆయన ఈ పనికి 3 వేలు అడిగాడు. 'నాలుగు బోల్టులకు మూడు వేలా!' అని మావాడు ఇంటికొచ్చి మంచినీళ్లు తాగాడు. 85 వేల డబ్బాను ఒక్క రూపాయి బేరమాడకుండా ఫోనులో వేలితో నొక్కి కొన్నవాడికి, మనిషి చేతికి 3 వేలు ఇవ్వాలంటే గుండె ఆగినంత పనైంది. దీని గురించి తరువాత మాట్లాడుకుందాం.

ఆదివారం ఉదయం ఎనిమిదింటికి సెల్లారులో ముహూర్తం. సామగ్రి ఇది: కారుతో వచ్చిన జాకీ ఒకటి, పానాల సెట్టు ఒకటి, సుత్తి ఒకటి, కొబ్బరినూనె సీసా ఒకటి (తుప్పు వదిలించే స్ప్రే కొనడం మరిచిపోయాడు), వీడియో ఆడుతున్న ఫోను ఒకటి, టార్చిలైటు పట్టుకున్న మేనమామ ఒకడు. మడ్‌గార్డు అంచు నుంచి నేల వరకు టేపుతో కొలిచి, గోడ మీద బొగ్గుతో 66.5 అని రాశాడు. ఆ రోజంతటిలో జరిగిన ఏకైక శాస్త్రీయమైన పని అదే.

చక్రం ఊడింది. బ్రేకు గొట్టం పట్టీ ఊడింది. మూలలో వేలాడుతున్న ఒక చిన్న కడ్డీ దగ్గర మా నాగరికత ఆగిపోయింది. మలుపుల్లో కారు పక్కకు ఒరగకుండా పట్టి ఉంచే అడ్డకడ్డీని షాక్ అబ్జార్బరుకు కలిపే లింకు అది. దాని చివర ఒక నట్టు. మావాడు పానా పెట్టి తిప్పాడు. నట్టు తిరిగింది. 'చూశారా' అన్నాడు. ఇంకా తిప్పాడు. ఇంకా తిరిగింది. పావుగంట తిరిగాక కూడా నట్టు వెంట్రుకవాసి బయటికి రాలేదు. నట్టుతో పాటు లోపలి బోల్టు కూడా తిరుగుతోంది మరి! తిరగలిలా, దర్జాగా, ఎంతకైనా తిరుగుతుంది.

వీడియోలో ఈ నట్టు రెండు సెకన్లు. మా సెల్లారులో నాలుగు గంటలు.

తొమ్మిదింటికి రెండో అంతస్తు రిటైర్డ్ లెక్చరర్ గారు పాలప్యాకెట్టుతో వచ్చి, ఎడమకు తిప్పుతున్నారా కుడికి తిప్పుతున్నారా అని విచారించారు. తొమ్మిదిన్నరకు అపార్ట్‌మెంటు సెక్రెటరీ వచ్చి, సెల్లారులో మరమ్మతులు నిషేధమని చెప్పి, చెప్పిన చోటే బక్కెటు బోర్లించుకుని కూర్చున్నారు. ఆయన సలహా కొబ్బరినూనెకు బదులు కిరసనాయిలు. లెక్చరర్ గారు వేడినీళ్లన్నారు. మా అక్క మెట్ల మీద నుంచి 'ఉప్మా చల్లారిపోతోంది' అన్నది. మొత్తం సమావేశంలో అమలు చేయదగిన సూచన అదొక్కటే. పదింటికి కిరసనాయిలు, పదిన్నరకు వేడినీళ్లు, పదకొండుకు రెండూ. నట్టు తడిసింది, కడిగిన ముత్యంలా తయారైంది, తిరుగుతూనే ఉంది. ఒకాయన దారాన్ని గట్టిగా చుట్టి లాగమన్నాడు. అది బొంగరానికి కదా అన్నాను. 'ప్రయత్నిస్తే పోయేదేముంది' అన్నాడు. ప్రయత్నించాం. సిగ్గుపడుతూ రాస్తున్నాను, దారం పట్టుకున్నది నేనే.

పన్నెండు దాటాక మావాడి చేతిలోంచి సాకెట్ జారి, దొర్లుకుంటూ కారు కిందికి పోయింది. వాడు వంగి చూశాడు. పక్కనే వాచ్‌మన్ కొడుకు నిలబడి ఉన్నాడు. ఏడో తరగతి. 'నువ్వు సన్నగా ఉన్నావు కదా, కింద దూరి ఆ సాకెట్ తీసి ఇవ్వు' అన్నాడు మావాడు. ఆ పిల్లవాడు సంతోషంగా మోకాళ్ల మీద వంగాడు.

టార్చిలైటు కింద పడేసి వాడి చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. నవ్వించడానికి రాస్తున్న వ్యాసమే ఇది, కానీ ఈ ఒక్క చోట నాకు నవ్వు రాదు. టన్నుకు కాస్త తక్కువ ఉన్న కారు. దాన్ని మోస్తున్నది చక్రం మార్చుకోవడానికి కంపెనీ ఇచ్చిన బక్క జాకీ. చక్రం మార్చడానికి తప్ప వాడవద్దని, దాని మీద కారు ఉండగా కిందికి దూరవద్దని కారుతో ఇచ్చే పుస్తకంలోనే రాసి ఉంటుంది. ఆ జాకీకి తోడు పక్కన ఒక సిమెంటు ఇటుక. మధ్యలో బోలుగా ఉండే ఇటుక, నెత్తిన ఇనుప అంచు నొక్కుకుంటే చెప్పకుండా పగిలే ఇటుక. స్టాండ్లు లేవు. 85 వేలు ఉన్నాయి, రెండు వేల స్టాండ్లు లేవు! పైగా కిందికి పంపేది ఎవరిని? తన చెల్లెలినా, తమ్ముడినా? వాచ్‌మన్ కొడుకును. సన్నగా ఉన్నాడు కాబట్టి. వాళ్ల నాన్న గేటు దగ్గర నుంచి వద్దని అనలేడు కాబట్టి. నేల అద్దంలా మెరిసే ఆ షెడ్డులో నల్ల తొడుగుల పెద్దమనిషి 'నాలుగు బోల్టులే' అంటాడే, ఆ నోటితో ఒక్కసారి 'స్టాండు పెట్టండిరా' అని అరిస్తే వాడి సొమ్మేం పోయింది? వీడియో అర నిమిషం పెరుగుతుందని భయమా?

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. సెక్రెటరీ బక్కెటు మీద నుంచి లేచారు.

ఆ నిశ్శబ్దంలోకి వీధి చివర మెకానిక్ వచ్చాడు. మా కోసం కాదు, నాలుగో అంతస్తువారి కారు తీసుకువెళ్లడానికి. అటుగా పోతూ ఆగి, ముందు ఇటుకను చూశాడు, తరువాత మమ్మల్ని చూశాడు. ఏమీ అనకుండా వెళ్లి తన బండిలోంచి రెండు స్టాండ్లు తెచ్చి కారు కింద పెట్టి, జాకీ దించాడు. తరువాత లింకు దగ్గర గొంతుక్కూర్చుని, జేబులోంచి ఒక మేకు తీసి, బోల్టు కొన మీద గట్టిపడిన మట్టిని గీకాడు. నల్లని మట్టి పెళుసుగా రాలింది. దాని అడుగున ఆరు పలకల చిన్న గుంట. అందులో అలెన్ కీ గుచ్చి ఎడమ చేత్తో కదలకుండా పట్టుకుని, కుడి చేత్తో పానా తిప్పాడు. నట్టు కిర్రుమని ఒక్కసారి అరిచి, బుద్ధిగా బయటికి వచ్చేసింది.

'లోపలిది పట్టుకుని పైది తిప్పాలి బాబూ' అన్నాడు.

3 వేలు ఎక్కువ అన్నది ఈ ఒక్క వాక్యాన్ని. ముప్పై ఏళ్లు గ్రీజులో చేతులు నానబెడితే వచ్చిన వాక్యం. దీనికి కంపెనీ ముద్ర లేదు, రంగు డబ్బా లేదు, రేటింగు నక్షత్రాలు లేవు. అందుకే మన పిల్లలకు ఇది నాలుగు బోల్టులుగా కనిపిస్తుంది, వాళ్లను అలా పెంచిన మనకు కూడా.

మిగతా పని ఆయన షెడ్డులోనే జరిగింది. కొత్త సెట్టుకు పై మౌంటు, అంటే దాన్ని పైన కారు ఒంటికి బిగించే ముక్క, పాతదాని నుంచే తీయాలట. అంటే నొక్కిపెట్టి ఉన్న స్ప్రింగును విప్పాలి. అది కొక్కెం జారి తన్నిందంటే దవడ ఎముకలు మిగలవు. మావాడు ఆ పనిని బాల్కనీలో, మా అక్క తులసికోట పక్కన చేయాలని అనుకున్నాడట. అక్కకు ఇప్పటికీ చెప్పలేదు.

సాయంత్రం నెత్తిమీది మీటల వంతు వచ్చింది. మెత్తదనం నుంచి గట్టిదనం దాకా 32 మెట్లు. మావాడు నాలుగింటినీ ఏడో మెట్టులో పెట్టాడు. ఎందుకని అడిగితే, తన అభిమాన క్రికెటరు చొక్కా మీది అంకె అన్నాడు. కారు కిందికి దిగింది, నిజంగానే సింహంలా కూర్చుంది. స్టీరింగు తిన్నగా పెడితే కారు ఎడమకు పోతోంది. ఎత్తు మారితే చక్రాల కోణాలు మారతాయి, అలైన్‌మెంటు చేయించకపోతే టైర్లు లోపలి అంచున అరిగిపోతాయి అని మెకానిక్ చెప్పి పంపాడు. దానికి ఇంకో 800.

షెడ్డు నుంచి ఇంటిదాకా ఉన్న మూడు స్పీడ్ బ్రేకర్లను ఏటవాలుగా, నన్ను దింపి, నా చేతి సైగలతో దాటించాడు. సెల్లారులోకి దిగింది కూడా. మర్నాడు ఆఫీసుకు బయలుదేరితే పైకి ఎక్కలేదు. వాలు ముగిసి వీధి మొదలయ్యే చోట సిమెంటు అంచు కారు కడుపుకు ఆనుకుంది. ముందు చక్రాలు వీధిలో, వెనక చక్రాలు వాలులో, మధ్యలో గరగరమని ఒక శబ్దం. వెనక స్కూలు ఆటో హారన్ కొడుతోంది. లెక్చరర్ గారు పాలప్యాకెట్టుతో మళ్లీ హాజరయ్యారు.

వారం రోజుల పాటు సింహం సెల్లారులోనే కూర్చుంది. మావాడు మెట్రోలో ఆఫీసుకు వెళ్లాడు. ఆ తరువాతి ఆదివారం మెకానిక్‌ను పిలిచి, అడిగిన డబ్బు ఇచ్చి, కొత్తగా కొన్న స్టాండ్ల మీద కారును నిలబెట్టి, నాలుగు మూలలా రింగులు తిప్పించి పైకి లేపించాడు. వాలు ఎక్కిస్తే తగిలింది. ఇంకాస్త లేపించాడు. మళ్లీ తగిలింది. మూడోసారికి తగలలేదు.

టేపు తెచ్చి మడ్‌గార్డు అంచు నుంచి నేలకు కొలిచాను. 66.8. గోడ మీద బొగ్గు అంకె ఇంకా చెరగలేదు, 66.5. మావాడు రెండు అంకెలనూ కాసేపు చూశాడు.

'అయితేనేం మామయ్యా' అన్నాడు, 'ఇప్పుడు కావాలంటే ఎప్పుడైనా దించుకోవచ్చు.'