కోడిని అమ్మే ముందు కొనేవాళ్లను చూడాలి

పెరటి కోళ్లు అమ్మేవాళ్లకు వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం కోడి కాదు. జబ్బు కోడిని అంటగట్టేవాళ్లు లేరని కాదు, వాళ్ల సంగతి వేరు. కోడి నిక్షేపంగానే ఉంటుంది. కానీ దాని వయసుకు, కొన్న మనిషి అవసరానికి పొంతన ఉండదు.

గుడ్ల కోసం తొలిసారి కొనేవాళ్లనే తీసుకోండి. చౌకగా, ముద్దుగా ఉంటాయి కాబట్టి వీళ్ల చూపు ముందు ఒక్కరోజు కోడిపిల్లల మీద పడుతుంది. పిల్లలకు మొదటి వారం 35 డిగ్రీల దాకా వెచ్చదనం కావాలనీ, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలనీ ఎవరూ చెప్పి ఉండరు. బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి ముడుచుకుంటే చలేస్తోందని అర్థం. బల్బుకు దూరంగా పోయి నోళ్లు తెరుస్తుంటే వేడి ఎక్కువైనట్టు. ఇది కనిపెట్టి సర్దడం తెలియకపోతే నాలుగు రోజుల్లోనే పిల్లలు చావడం మొదలవుతుంది, తప్పు అమ్మినవాళ్ల మీదికి పోతుంది.

అన్నీ బతికినా ఇంకో చిక్కు. ఆడా మగా వేరు చేయని పిల్లల్లో దాదాపు సగం పుంజులే. నెలల తరబడి దాణా పెట్టాక తెల్లవారకముందే నాలుగు పుంజులు పోటీపడి కూస్తుంటే పక్కింటివాళ్లతో తగువు అదనం. గుడ్డు పెట్టడానికి పెట్టకు పుంజు అక్కర్లేదన్న సంగతి కూడా వీళ్లకు మనమే చెప్పాలి. ఇలాంటివాళ్లకు 18 వారాలు దాటి గుడ్డుకు రాబోతున్న పెట్టలను ఇవ్వడమే న్యాయం. ధర ఎక్కువే. అన్నాళ్ల దాణా, టీకాలు, మధ్యలో చచ్చినవాటి నష్టం అందులోనే ఉన్నాయని లెక్క చెబితే బేరం కొంత తగ్గుతుంది. గుడ్లు పెడుతున్న పెట్టనే ఇస్తే, చోటు మారిన టెన్షన్‌కి అది కొన్నాళ్లు గుడ్డు ఆపేయొచ్చని ముందే చెప్పాలి. లేదంటే మూడో రోజే ఫోనొస్తుంది.

జాతి కోళ్లు పెంచేవాళ్ల తీరే వేరు. తురాయి ఎలా ఉంది, కాళ్ల రంగేమిటి, తల్లీతండ్రీ ఏవి, కాళ్లు పడిపోయే మారెక్స్ జబ్బు రాకుండా టీకా పిల్లయిన రోజే వేశారా అంటూ ఒక్క పుంజు కోసం గంటసేపు ప్రాణం తీస్తారు. అమ్మేవాళ్లు విసుక్కుంటారు గానీ, నన్నడిగితే మంచి గిరాకీ వీళ్లే. పొదిగించే గుడ్లు ఇవ్వాల్సిందీ వీళ్లకే. ప్రయాణంలో కుదుపులకు గురైన గుడ్లను సన్నకొన కిందికి పెట్టి ఒక రోజు కదపకుండా ఉంచాలని వీళ్లకు తెలుసు. 21 రోజుల తర్వాత సగమే పిల్లలైతే మోసం చేశారని అరవరు. కొత్త కోడిని రెండు మూడు వారాలు విడిగా ఉంచే ఓపికా వీళ్లకుంటుంది.

మాంసానికి కొనేవాళ్లతో పెద్ద తంటా లేదు, తూకం చూసి పట్టుకుపోతారు. ఏదైనా మందు వాడి ఉంటే, కోసుకోవడానికి ఆగాల్సిన గడువు దాటిందో లేదో మాత్రం చెప్పి తీరాలి. ముచ్చటకు ఒకే ఒక్క పిల్లను అడిగేవాళ్లకు ఇవ్వకపోవడమే మేలు. కోడి గుంపులో బతికే పక్షి, ఒంటరిగా ఉంటే అరుస్తూనే ఉంటుంది.

నాకు అసలు భయం మారుబేరగాళ్లంటే. మొత్తం ఒకేసారి కొంటారు, డబ్బు చేతిలో పెడతారు, ఒక్క ప్రశ్నా అడగరు. కానీ నాలుగు చోట్ల కొన్న కోళ్లను ఒకే గంపలో కుక్కుతారు. కొక్కెర తెగులు లాంటివి ఊళ్లు దాటేది ఇలాగే. వాళ్ల గంపలను, బండిని కోళ్ల దగ్గరికి రానివ్వకుండా గేటు బయటే సరుకు అప్పగించడం మంచిది.

2020లో లాక్‌డౌన్లు వచ్చినప్పుడు చాలా దేశాల్లో కోడిపిల్లలకు ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. అలాంటి రోజుల్లో కొనేవాళ్లను నాలుగు మాటలు అడిగే తీరిక ఎవరికీ ఉండదు. రాత్రిపూట కోళ్లను ఎక్కడ మూస్తారు? కూత పక్కవాళ్లకు ఇబ్బందా? రెండేళ్లు దాటి గుడ్లు తగ్గాక ఏం చేస్తారు? పెట్ట అని ఇచ్చింది పుంజుగా తేలితే వెనక్కి తీసుకుంటారో లేదో అమ్మేవాళ్లూ అప్పుడే తేల్చి చెప్పాలి, వీలైతే కాగితం మీద రాసివ్వాలి.