లాబ్రడార్ పటంలో ఒక నది, ఒక ఆకలి చావు

కెనడా తూర్పు కొసన ఉన్న లాబ్రడార్ లోపలి ప్రాంతం నూటపాతికేళ్ల కింద పటాల్లో దాదాపు తెల్లకాగితమే. 1893-95 మధ్య ఆల్బర్ట్ లో అనే సర్వే అధికారి అక్కడ తిరిగి ఒక మంచి పటం తయారుచేశారు. కానీ మిచికమౌ సరస్సు నుంచి గ్రాండ్ లేక్ దాకా నది పారే దారి మాత్రం ఆయన స్వయంగా చూసి గీసింది కాదు.

1903లో అమెరికా పత్రికా రచయిత లియొనిడస్ హబ్బర్డ్ ఆ పటాన్ని నమ్ముకుని సహచరులతో బయల్దేరాడు. అసలు నది నాస్కౌపి. దాని ముఖద్వారాన్ని దాటిపోయి, సుసాన్ అనే రాళ్ల వాగులోకి పడవ మళ్లించాడు. వారాల తరబడి ఆ పడవను మోశారు, ఈడ్చారు. తిండి నిండుకుంది. వెనక్కి వస్తూ అక్టోబరులో డేరాలో ఒంటరిగా చనిపోయాడు. చెప్పుల తోలు తిన్న సంగతి డైరీ చివరి పేజీలో ఉంది.

తప్పంతా పటం మీదకు నెట్టడం తేలిక. నాకైతే చదివినవాడి తప్పే ఎక్కువ అనిపిస్తుంది. కొలిచి గీసిన గీతనూ, విని గీసిన గీతనూ ఒకేలా నమ్మాడు. అక్కడి వేటగాళ్లకు నాస్కౌపి పెరటి దారి లాంటిది.

రెండేళ్లకు ఆయన భార్య మినా అదే దారి పట్టింది. సూర్యుణ్ణి, నక్షత్రాలను బట్టి ఉన్నచోటు లెక్కగట్టే సెక్స్టంట్ పరికరం తీసుకెళ్లింది. అంతకన్నా ముఖ్యం, వెంట తీసుకెళ్లిన మనుషులు: భర్తతో వెళ్లి ప్రాణాలతో తిరిగొచ్చిన, క్రీ అనే ఆదివాసీ తెగ మూలాలున్న జార్జ్ ఎల్సన్, నాస్కౌపి మీద ఉచ్చులు పన్నిన గిల్బర్ట్ బ్లేక్. పటంలో నాస్కౌపి, నార్త్‌వెస్ట్ అని రెండుగా ఉన్న నదులు నిజానికి ఒకటేనని ఆమె తేల్చింది.

అక్కడి నుంచి ఉత్తరానికి పారే జార్జ్ నది ఒడ్డున, ఉంగావా అఖాతం దగ్గర ఎక్కాల్సిన ఓడ అందుతుందో లేదోనని కంగారుపడుతుంటే, ఎదురైన అక్కడి ఆదివాసీలు నాస్కాపీలు చెప్పారు: వేగంగా వెళ్తే ఐదు నిద్రల దూరం. మన ‘కూతవేటు’ లాంటి కొలతే. ఏడు రోజుల్లో చేరారు. ఇలా దారులు తెలిసిన మనుషులున్న చోటును మాత్రం ‘ఎవరికీ తెలియని అడవి’ అంటూ రాసుకున్నారు!

ఆమె పటంలో గుర్తించిన మిచికమౌ ఇప్పుడు లేదు. చర్చిల్ ఫాల్స్ విద్యుత్తు కోసం కట్టిన స్మాల్‌వుడ్ జలాశయంలో 1970ల్లో మునిగిపోయింది. ఆ ఒడ్డున వేటాడుకున్న ఇన్నూ ఆదివాసీల పనిముట్లు, సామాన్లు కూడా నీళ్లపాలయ్యాయి.