సీనియర్లు వెళ్లిపోయాక?

హైదరాబాద్‌లో తార్నాక వైపు యూనివర్సిటీ విద్యార్థులు జీతం లేకుండా నడిపే ఇంగ్లిష్ పత్రిక గురించి మీరు వేసిన వ్యాసం చదివాను, బాగుంది. అసలు కష్టం మాత్రం అందులో రాయలేదు. మేమూ హాస్టల్ గదిలోంచి ఒకటి తెచ్చాం. కవితలు కుప్పలుగా వచ్చేవి, ప్రూఫులు దిద్దేవాడే దొరికేవాడు కాదు. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకమాయె, పేజీలు నాలుగేసి చొప్పునే పెరగాలి. ఒక వ్యాసం పేజీ దాటిందంటే ఇంకో మూడు నింపడానికి ఊరంతా తిరగడమే! ఖర్చుకు ఇరానీ చాయ్ మానేశాం (మానలేదు లెండి). ఎంఏ రెండేళ్లూ అయ్యాయి, మాతోపాటే పత్రికా పోయింది.

ఇంకోటి. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఉస్మానియా పక్కనే ఇంగ్లిష్ బోధన కోసం పెట్టిన సీఫెల్ (ఇప్పుడు ఇఫ్లూ అనే యూనివర్సిటీ) కూడా ఉంది. ఆ విద్యార్థులకు ఒక మాట: ఆ చుట్టుపక్కల కాలనీల కోసమే మీ పత్రిక అయితే ఒక్క తెలుగు పేజీ వేయండి, మా పక్కింటి పిన్నిగారూ చదువుతారు. జూనియర్లకు పేజీలు కూర్చడం ఇప్పటినుంచే నేర్పుతున్నారా?