రీఫండు సున్నా అయ్యాకే నిర్ణయం తీసుకోవాలి

ఒడిశాలో ఆంధ్రా సరిహద్దునున్న మా పర్లాకిమిడిలో కుర్రాడు కాలేజీ మానేద్దామా వద్దా అని ఆలోచించడం మొదలెడితే, అది వాడి సొంత విషయం అనుకునే అమాయకులు ఇంకా కొందరున్నారు, వాళ్ల కోసమే ఈ నాలుగు ముక్కలు.

2018లో యూజీసీ, అంటే కాలేజీలకీ యూనివర్సిటీలకీ రూల్సు పెట్టే కేంద్ర సంస్థ, ఓ నోటిఫికేషన్ ఇచ్చింది. అడ్మిషన్ల ఆఖరి తేదీకి 15 రోజుల ముందే మానేస్తే ప్రాసెసింగు కింద కాస్త పట్టుకుని ఫీజంతా తిరిగిచ్చేయాలి, ఆ తర్వాత ఆఖరి తేదీ లోపు 90 శాతం, తేదీ దాటిన 15 రోజుల్లో 80, నెల లోపు 50, ఆపైన గుండుసున్నా. చదవడానికి బానే ఉంది గానీ ఇందులో పెద్ద లోపం ఉందండి. డబ్బులు వెనక్కొస్తాయన్న ఆశ ఉన్నంతసేపు మనిషి నిష్పక్షపాతంగా ఆలోచించగలడా? లేడు. అందుకే మా పెద్దలు ఆ సున్నా వచ్చేదాకా చర్చ సాగదీస్తారు, దాన్ని బద్ధకం అనకండి, ధర్మచింతన.

మా చిన్నాన్న కొడుకునే తీసుకోండి. బీఎస్సీ కెమిస్ట్రీలో చేరి రెండో వారానికే నాకిది పడట్లేదన్నాడు, అప్పటికి 90 శాతం నడుస్తోంది. "ఏట్రా, మంచిరోజు సూసి సేర్పించాం, మానీడానికి మాత్రం మంచిరోజు అక్కర్లేదేటి" అంది పాతపట్నం అత్త, ఆ మంచిరోజు దొరికేసరికి 80 అయింది. బరంపురం మావయ్యని అడక్కుండా ఎలా అన్నారు, ఆయనేమో ఇది ఫోన్లో తేలే విషయం కాదు నేనే వస్తా అన్నాడు, వచ్చేసరికి 50. వచ్చి, భోంచేసి, కునుకు తీసి లేచి, "ఇప్పుడంతా కొత్త పద్ధతిరా, ఏడాది సదివి వేసవిలో 4 క్రెడిట్ల ఒకేషనల్ కోర్సు సేసి దిగిపోతే సర్టిఫికెట్టు, రెండేళ్లకైతే డిప్లొమా, గవర్నమెంటే మర్యాదగా మానిపిస్తంటే నువ్వు ఊరికే మానీడం ఏటి" అన్నాడు. ఇంటిల్లిపాదీ తలూపారు. ఆ తలూపుడులోనే నెల దాటిపోయింది. (అసలు కెమిస్ట్రీలో వాడికేం పడలేదో ఎవరూ అడగలేదు, అంత టైము ఎక్కడిది.)

సున్నా వచ్చాక చూడాలి ప్రశాంతత! ఇప్పుడు మానేయొచ్చు అని ఏకగ్రీవంగా తేల్చారు.

ఇక నో డ్యూస్ ఫారం, అంటే కాలేజీకి మనం ఏం బాకీ లేమని రాయించుకునే కాగితం. లైబ్రరీ, హాస్టలు, ల్యాబు, గేమ్స్, అన్ని గళ్లలోనూ సంతకాలు పడాలి. మావాడు జన్మలో బ్యాటు ముట్టుకోలేదు, అయినా బ్యాటు ఎత్తుకుపోలేదని గేమ్స్ సారు రాసివ్వాలి, ఆయన టోర్నమెంటుకెళ్లాడు. ల్యాబులో ఓ పిపెట్టు పగిలుంది, ఎవరు పగలగొట్టారో తెలీదు కాబట్టి వెళ్లిపోయేవాడే పగలగొట్టినట్టు. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసుకుని వెంటనే తిరిగిచ్చేయాలని అదే యూజీసీ చెప్పింది గానీ ఆ మాట ఆఫీసు బీరువా దాకా రాలేదు, బీరువా తాళం పెద్ద క్లర్కు దగ్గర, పెద్ద క్లర్కు లీవులో. ఇవన్నీ దాటి ఇక్కడి సీఎల్‌సీ (కాలేజీ వదిలాడని ఇచ్చే సర్టిఫికెట్టు) పట్టుకెళ్తే అవతల ఆంధ్రా కాలేజీలో టీసీ ఏది బాబూ అంటారు, అది వేరే కథ.

చరిత్ర చూసినా ఇది మా ఊరికి కొత్తేం కాదు. 1936 ఏప్రిల్ 1న పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విత్‌డ్రా అయ్యి ఒడిశాలో అడ్మిషన్ తీసుకుంది, దానికీ సరిహద్దులు తేల్చడానికి ఓ'డానెల్ కమిటీ, ఏళ్ల తరబడి వాదనలు, తీరా చూస్తే పర్లాకిమిడి జమీందారీ ఎస్టేటులో కొంత ఒడిశాకొచ్చింది, కొంత మద్రాసులోనే ఉండిపోయింది. పూర్తిగా మానేయడం అనేది మా నేలకే అలవాటు లేదు. మావాడూ అంతే, పేరు ఇక్కడ అటెండెన్సు రిజిస్టర్లో, మనిషి విశాఖలో సెల్‌ఫోన్ రిపేర్ నేర్చుకుంటున్నాడు, రెండో ఏడాది ఫీజు మాత్రం మేం టైముకి కట్టేశాం.

కాబట్టి యూజీసీ వారికి మనవి ఏంటంటే, ఆ శాతాల లెక్కలు తీసిపారేసి నో డ్యూస్ ఫారంలో మేనమామ సంతకానికో గడి పెట్టండి. కాస్త పెద్దదే పెట్టండి, మా బరంపురం మావయ్య పేరు పక్కన ఎం.ఏ. అని కూడా రాసుకుంటాడు.